మైక్రోవేవ్‌లో జీడిపప్పు అచ్చు: పాకం లెక్క

వేరుశనగ అచ్చు, జీడిపప్పు చిక్కీ స్టవ్ వెలిగించకుండా పది నిమిషాల్లో చేసుకోవచ్చన్న మాట ఇప్పుడు శ్రీకాకుళం, పలాస, టెక్కలి ఇళ్ళలోకీ వచ్చింది. మాట నిజమే. కొద్ది మోతాదులో చేస్తే మైక్రోవేవ్‌లో వచ్చే అచ్చు కళాయిలో చేసినదానికి ఏమాత్రం తీసిపోదు. అయితే అవే కొలతలు, అవే నిమిషాలు పాటించినా ఒకింట్లో కరకరలాడే అచ్చు ఇంకో ఇంట్లో పళ్ళకు అంటుకుంటుంది, మరో ఇంట్లో మాడి చేదెక్కుతుంది. జీడిపప్పు కొనే ధరల్లో ఇది చిన్న నష్టం కాదు. అలా పాడైన ప్రతిసారీ చేసినవాళ్ళు తమ చేతిని తిట్టుకుంటారు, లేదంటే బెల్లాన్ని తిట్టుకుంటారు. అసలు తప్పు నిమిషాల్ని నమ్ముకోవడంలో ఉంది. వంటలో రాసిన నిమిషాలు రాసినవారి ఓవెన్‌వి. పాకం ముదిరిందో లేదో చెప్పే పరీక్ష మాత్రం ఏ ఓవెన్‌కైనా ఒకటే. అది మన వంటిళ్ళలో ఎప్పటినుంచో ఉన్న పళ్ళెంలో చన్నీళ్ళే.

పాకంలో జరిగేది ముందు చూడాలి. పంచదార, నీళ్ళు కలిసి మరుగుతున్నంతసేపూ నీరు ఆవిరైపోతూ ఉంటుంది. నీరు తగ్గేకొద్దీ పాకం మరిగే వేడి పెరుగుతుంది. కాబట్టి పాకం ఎన్ని డిగ్రీల దగ్గర ఉందో తెలిస్తే అందులో ఎంత నీరు మిగిలిందో తెలిసినట్టే. 106 నుంచి 112 డిగ్రీల సెల్సియస్ దగ్గర తీగ సాగుతుంది. 112 నుంచి 116 మధ్య చన్నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ కడుతుంది, అరిసెలకు కావలసింది ఇదే. 121 నుంచి 130 మధ్య ఉండ గట్టిపడుతుంది. అచ్చుకు కావలసింది ఇంకా పైన, 146 నుంచి 154 డిగ్రీల దగ్గర ఉంటుంది. అప్పుడు పాకంలో మిగిలే నీరు నూటికి ఒక వంతు అటూఇటూ. ఆ పాకం చల్లారితే పలుకులు కట్టకుండా, సాగకుండా, గాజు స్థితిలోకి వెళ్తుంది. ఇది పోలిక కోసం చెబుతున్న మాట కాదు. పదార్థ శాస్త్రం దీన్ని నిజంగానే గాజు అంటుంది. నీరు రెండు మూడు శాతం ఎక్కువ మిగిలినా ఆ గాజు మెత్తబడి పళ్ళకు అంటుకుంటుంది.

ఇంట్లో థర్మామీటర్ లేనివాళ్ళు పెద్దవాళ్ళు చేసినట్టే చేయొచ్చు. పళ్ళెంలో చన్నీళ్ళు పోసి రెండు చుక్కల పాకం వేసి, పదిసెకన్లు ఆగి చేత్తో తీయాలి. ఉండలా నలిగితే ఇంకా కాలేదు. తీసి పళ్ళేనికేసి కొడితే టంగుమని మోగాలి, విరిస్తే టక్కున విరగాలి, వంగకూడదు. కొరికితే పంటికి అతుక్కోకూడదు. పొయ్యి మీదైనా, మైక్రోవేవ్‌లోనైనా, సముద్రం పక్క బారువలోనైనా, కొండపక్క పాతపట్నంలోనైనా ఈ మాట మారదు.

ఇక మైక్రోవేవ్ సంగతి. ఈ యంత్రానికీ మిఠాయికీ చుట్టరికం పుట్టుకలోనే ఉంది. అమెరికాలోని రేథియన్ కంపెనీలో రాడార్ పరికరాల మీద పనిచేస్తున్న పర్సీ స్పెన్సర్ 1945లో ఒకరోజు ఈ తరంగాల్ని పుట్టించే మాగ్నెట్రాన్ అనే గొట్టం దగ్గర నిలబడితే జేబులోని మిఠాయి కరిగిపోయిందనీ, ఆ గమనింపు నుంచే ఈ ఓవెన్ వచ్చిందనీ చెబుతారు. ఇళ్ళలో వాడే ఓవెన్లు 2,450 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగాల్ని పంపిస్తాయి. నీటి అణువుల్లాంటివి ఆ తరంగాలకు ఊగి వేడెక్కుతాయి. గాజు గిన్నె దాదాపు వేడెక్కదు, లోపలున్న పాకం వేడెక్కుతుంది. అందుకే కళాయిలో లాగా అడుగంటే భయం తక్కువ. మూకుడు దగ్గర నిలబడి ఎడతెరిపి లేకుండా తిప్పాల్సిన పనీ తప్పుతుంది. కానీ తరంగాలు గిన్నెలో అన్నిచోట్లా సమానంగా పడవు. ఒకచోట పాకం 140 దగ్గర ఉంటే పక్కనే 165 దగ్గర ఉండి నల్లబడుతూ ఉండొచ్చు. నిమిషానికోసారైనా బయటికి తీసి కలపమనడానికి కారణం ఇదే. గిన్నెను తిరిగే పళ్ళెం నడిబొడ్డున కాకుండా కొంచెం పక్కకు పెడితే వేడి మెరుగ్గా సర్దుకుంటుంది.

నిమిషాలు ఎందుకు మోసం చేస్తాయో చిన్న లెక్కతో తేలిపోతుంది. ఒక గ్రాము నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2,257 జౌళ్ళ శక్తి కావాలి. పెద్ద చెంచాడు నీరంటే 15 గ్రాములు, దాన్ని ఆవిరి చేయడానికి దాదాపు 34,000 జౌళ్ళు. 700 వాట్ల ఓవెన్ సెకనుకు 700 జౌళ్ళు ఇస్తుంది. అంటే పాకంలో అదనంగా పోసిన ఒక్కో పెద్ద చెంచాడు నీటికీ యాభై సెకన్ల దాకా పెరుగుతుంది. కరగడం లేదేమోనన్న టెన్షన్‌తో ఇంకో రెండు చెంచాలు పోస్తే నిమిషంన్నర పైన పెరిగినట్టే. రాసిన నిమిషాల దగ్గర ఆపేస్తే అచ్చు సాగుతుంది.

చివరి ఘట్టం దీనికి సరిగ్గా తలకిందులు. 200 గ్రాముల పంచదార పాకం 120 నుంచి 150కి చేరడానికి నిమిషంన్నర పైనే పడుతుంది. దారిలో పాతిక గ్రాముల పైచిలుకు నీరు పోవాలి కాబట్టి. 150 దాటాక ఆవిరి చేయడానికి నీరు మిగలదు, వచ్చిన శక్తంతా వేడి పెంచడానికే పోతుంది. అక్కడినుంచి 170కి వెళ్ళడానికి పావు నిమిషం చాలు. అక్కడ పంచదార మాడటం మొదలు. ముందు నాలుగు నిమిషాల్లో పొరపాటు చేసినా సర్దుకోవచ్చు. చివరి పావు నిమిషంలో ఏమరుపాటుకు చోటు లేదు. అందుకే మొదట నిమిషం చొప్పున, పాకం రంగు తేనెలోకి తిరగగానే పదిహేను ఇరవై సెకన్ల చొప్పున పెట్టి తీసి చూడటం ఒక్కటే దారి. మైక్రోవేవ్ తలుపు తీయగానే వేడి ఆగిపోతుంది. స్టవ్ ఆపినా కళాయి కాసేపు ఉడికిస్తూనే ఉంటుంది, గాజు గిన్నె అంతగా ఉడికించదు. ఈ ఒక్క విషయంలో మైక్రోవేవ్ పొయ్యి కన్నా మెరుగు.

ఓవెన్ వాట్లు ఎన్నో తెలుసుకోవడమూ అవసరమే. డబ్బా వెనక రాసిన 1,200 వాట్లు చాలాసార్లు అది కరెంటు నుంచి లాక్కునేది. వంటకు చేరేది 700, 800 ఉంటుంది. సరిచూసుకోవాలంటే లీటరు నీళ్ళు పెట్టి సరిగ్గా నిమిషం వేడిచేసి, ఎన్ని డిగ్రీలు పెరిగిందో చూసి దాన్ని 70తో గుణించాలి. పది డిగ్రీలు పెరిగితే 700 వాట్లు. థర్మామీటర్ లేకపోతే 200 మిల్లీలీటర్ల మామూలు నీళ్ళలో కర్ర చెంచా వేసి, మరగడానికి ఎంతసేపు పడుతుందో చూడొచ్చు. 700 వాట్లకు లెక్క ప్రకారం ఒకటిన్నర నిమిషం దగ్గర, గిన్నెకు పోయే వేడి కలుపుకుంటే ఇంకొంచెం పడుతుంది. రెండున్నర నిమిషాలు దాటిందంటే ఆ ఓవెన్ బలహీనం, లేదా ఆ సమయంలో వోల్టేజ్ తక్కువ. పల్లెల్లో వేసవి సాయంత్రాలు వోల్టేజ్ పడిపోతే మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఓవెన్ల బలం బాగా తగ్గుతుంది. పొద్దున్న ఐదు నిమిషాల్లో అయిన అచ్చు అదే ఇంట్లో రాత్రి ఏడింటికి ఏడు నిమిషాలు తీసుకోవడంలో వింత లేదు.

పంచదారా, బెల్లమా

మైక్రోవేవ్ అచ్చు పద్ధతి పశ్చిమ దేశాల నుంచి వచ్చింది. అక్కడి కొలతలో ఒక కప్పు పంచదారకు అర కప్పు కార్న్ సిరప్ ఉంటుంది. ఆ సిరప్‌లో పని చేసేది గ్లూకోజ్, దానికి తోడుండే పొడవాటి పిండిపదార్థపు గొలుసులు. వట్టి పంచదార పాకం కలుపుతుంటే మళ్ళీ పలుకులు కట్టి ఇసుక మాదిరి అయిపోతుంది. వేరే రకం చక్కెర అణువులు మధ్యలో దూరితే పలుకులు పేరుకోవు. మన దగ్గర బేకరీ సామాన్ల కొట్లలో దొరికే లిక్విడ్ గ్లూకోజ్ అదే పని చేస్తుంది. అదీ లేకపోతే కప్పు పంచదారకు అర చెంచా నిమ్మరసం చాలు. పులుపు తగిలి మరిగితే పంచదారలో కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది, పలుకుల్ని అవే అడ్డుకుంటాయి.

బెల్లంలో ఆ రెండూ ముందే ఉంటాయి. అందుకే బెల్లం పాకానికి గ్లూకోజ్ అవసరం లేదు. అయితే ఆ మేలే ఇంకోవైపు నుంచి చిక్కు తెస్తుంది. ఫ్రక్టోజ్ 110 డిగ్రీల దగ్గరే రంగు మారడం మొదలుపెడుతుంది. కాబట్టి బెల్లం పంచదార కన్నా ముందే మాడుతుంది. టంగుమన్న శబ్దం వచ్చిన వెంటనే ఆపాలి, ఇంకాస్త రంగు రానిద్దామని చూడకూడదు. రెండో చిక్కు బెల్లం రకంలో ఉంది. అనకాపల్లి బెల్లమైనా, ఊళ్ళో గానుగ దగ్గర కొన్న బెల్లమైనా దిమ్మ దిమ్మకూ తేడా ఉంటుంది. వర్షాకాలంలో చెమ్మగిల్లిన బెల్లం, లేత చెరకుతో వండిన బెల్లం ఎంత కాచినా గట్టి అచ్చు ఇవ్వకపోవచ్చు. మూడు వంతుల బెల్లానికి ఒక వంతు పంచదార కలిపితే చాలావరకు దారికొస్తుంది. రుచి బెల్లందే ఉంటుంది, విరుపు పంచదార ఇస్తుంది. వట్టి బెల్లంతోనే చేయాలన్న పట్టుదల మైక్రోవేవ్ దగ్గర పనికిరాదు.

బెల్లం పాకం పొంగుతుంది కూడా. పంచదార పాకం కన్నా చాలా ఎక్కువ. వేసిన సరుకుకు నాలుగింతలు పట్టే గిన్నె లేకపోతే సగం పాకం తిరిగే పళ్ళెం మీదే గట్టిపడుతుంది. ముందే ఒక చిన్న చెంచా నెయ్యి వేస్తే పొంగు కొంత అణుగుతుంది.

లెక్కకు ఒక మోతాదు: తురిమిన బెల్లం 150 గ్రాములు, పంచదార 50 గ్రాములు, నీళ్ళు ఒక పెద్ద చెంచా, నెయ్యి ఒక చిన్న చెంచా, చిటికెడు ఉప్పు. వేయించిన పప్పు 200 గ్రాములు. 700 వాట్ల ఓవెన్‌లో ఈ పాకం మూడు నుంచి నాలుగు నిమిషాల మధ్య ఎక్కడో ముదురుతుంది. రెండున్నర నిమిషాల నుంచే నీళ్ళ పళ్ళెం దగ్గర పెట్టుకుని చూస్తుండాలి. బెల్లంలో మట్టి, పీచు ఉన్నాయనిపిస్తే కరిగించి వడకట్టక తప్పదు. అందుకోసం పోసిన నీళ్ళకు పైన చెప్పిన లెక్కన సమయం కలుపుకోవాలి.

ఏ పప్పు వేయాలి

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు కొనేవాళ్ళు ముందు గుండ్ల వైపే, అంటే విరగని పప్పు వైపే, చూస్తారు. పెళ్ళికి పంచడానికో, దూరాన ఉన్న చుట్టాలకు పంపడానికో అది సరే. అచ్చుకు గుండ్లు కొనడం మాత్రం డబ్బు వృథా. గుండ్ల గ్రేడు అంటే సైజు లెక్క. డబ్ల్యూ 320 అంటే ఒక పౌండుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు తూగేవి. డబ్ల్యూ 210 అంటే 200 నుంచి 210. అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ. పప్పు విరిగితే బద్ద, ఇంకా విరిగితే ముక్క. చెట్టు అదే, తొక్కతో ఉన్న పిక్క అదే, రుచీ అదే. ధర మాత్రం చాలా తగ్గుతుంది. పైగా అచ్చులో ముక్కే మేలు. గుండు నున్నగా గుండ్రంగా ఉండటంతో పాకం దాన్ని సరిగా పట్టుకోదు, కోసేటప్పుడు గుండు ఊడొచ్చి అచ్చు చిట్లుతుంది. బద్దలు, ముక్కలు పాకంలో సర్దుకుని పలచగా పరుచుకుంటాయి.

ఆ ముక్క వెనక ఉన్న కష్టం తెలిస్తే పాకం మాడ్చడానికి మనసొప్పదు. ఉద్దానంలో, అంటే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి చుట్టుపక్కల, రైతు పిక్కల్ని 80 కిలోల బస్తాల లెక్కన అమ్ముతాడు. ఆ బస్తా కొడితే వచ్చే పప్పు 20 కిలోల పైచిలుకు మాత్రమే. తొక్కలో ఉండే జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది, బొబ్బలెక్కిస్తుంది. పిక్క కొట్టి, పొట్టు తీసి, రకాలు వేరుచేసే పనిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను తాకినప్పుడు ఈ ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటలు పెద్ద ఎత్తున కూలిపోయాయి. కొత్తగా వేసిన జీడి మొక్క గట్టి దిగుబడికి రావాలంటే ఏళ్ళు పడుతుంది. ముక్క చవకైనంత మాత్రాన తేలిగ్గా వచ్చింది కాదు.

వేయించడం దగ్గర జీడిపప్పుకూ వేరుశనగకూ తేడా ఉంది. పచ్చి వేరుశనగ గుళ్ళను పంచదార పాకంలో మొదటి నుంచే వేసి కాచొచ్చు. అచ్చు తయారయ్యే ఆరేడు నిమిషాల్లో గుళ్ళూ వేగిపోతాయి, వేగిన వాసన పాకానికి పడుతుంది. గ్లూకోజ్ కలిపిన పంచదార అచ్చులో ఇది బాగా కుదురుతుంది. బెల్లంతో అయితే పాకం త్వరగా ముదురుతుంది, గుళ్ళు పచ్చిగా మిగులుతాయి. అందుకని విడిగా వేయించి పొట్టు తీసి పెట్టుకోవాలి. జీడిముక్క సంగతి దీనికి భిన్నం. అందులో సహజంగా ఉన్న తీపి వల్ల చప్పున ఎర్రబడుతుంది, చిన్న ముక్క ఇంకా త్వరగా. పళ్ళెంలో ఒక్క పొరగా పరిచి ముప్పై సెకన్లకోసారి కలుపుతూ, లేత బంగారు రంగు రాగానే తీసేయాలి. తీసిన తర్వాతా లోపలి వేడితో రంగు కాస్త పెరుగుతుంది. పాకంలో వేసేటప్పుడు పప్పు గోరువెచ్చగా ఉండాలి. చల్లటి పప్పు వేస్తే పాకం ఒక్కసారిగా బిగుసుకుపోయి కలవదు.

చివర్లో వేసే వంటసోడా చాలామంది మానేస్తారు, మానకపోతేనే మంచిది. వేడి పాకంలో సోడా విడిపోయి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, పాకం నురగ కట్టి తెల్లబడుతుంది. చల్లారాక ఆ సన్నని బుడగలు లోపలే ఉండిపోయి అచ్చు గుల్లగా, సులువుగా కొరికేలా అవుతుంది. పళ్ళు కదులుతున్న పెద్దవాళ్ళకు ఇది నిజమైన ఉపకారం. పైన చెప్పిన మోతాదుకు పావు చిన్న చెంచా చాలు. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, రంగు నల్లబడుతుంది. సోడా వేశాక నాలుగు తిప్పులు తిప్పి వెంటనే నెయ్యి రాసిన పళ్ళెంలో పోయాలి, ఎక్కువ కలిపితే బుడగలు పోతాయి. అలాగే అప్పడాల కర్రతో గట్టిగా నొక్కకూడదు. నొక్కి పలచగా చేసే, కొట్లో దొరికేలాంటి చిక్కీ కావాలంటే సోడా వద్దు. రెండూ మంచివే, రెండూ ఒకే అచ్చులో రావు.

గిన్నె విషయంలో బేరం లేదు. స్టీలు పనికిరాదు. మైక్రోవేవ్‌కు పనికొస్తుందని రాసిన ప్లాస్టిక్ డబ్బా కూడా పనికిరాదు, అది అన్నం వేడిచేయడానికి, 150 డిగ్రీల పాకానికి కాదు. పట్టుకోవడానికి పిడి ఉన్న, వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు గిన్నె కావాలి. వేడి గిన్నెను తడి గ్రానైట్ గట్టు మీద పెడితే చిట్లే ప్రమాదం ఉంది. ముందే పొడి గుడ్డో చెక్కపీటో పరిచి ఉంచాలి. పాకం చర్మం మీద పడితే నీళ్ళలా జారిపోదు, అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. పడిన వెంటనే కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లని నీరు పారించాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు లాంటివి పూయకూడదు. మైక్రోవేవ్ పని కదా అని పిల్లలకు అప్పగించదగ్గది కాదు ఇది.

సంక్రాంతికి రెండు కిలోలు చేయాలనుకుంటే మైక్రోవేవ్ జోలికి పోకపోవడమే నయం. ఓవెన్ ఇచ్చే వేడి మారదు, సరుకు ఐదింతలైతే సమయమూ దాదాపు ఐదింతలవుతుంది, పొంగడానికి చోటూ చాలదు. పెద్ద మంట మీద మందపాటి కళాయి అక్కడ గెలుస్తుంది. పావుకిలో, అరకిలో లోపు అచ్చుకే ఈ పద్ధతి. మరీ తక్కువ, వంద గ్రాముల లోపు పాకం చేసినా చిక్కే, వేడి ఒక్కచోట చేరి మాడుతుంది.

నిల్వ దగ్గర మన తీరప్రాంతపు గాలి శత్రువు. పాకపు గాజు గాలిలోని తేమను లాక్కుంటుంది, బెల్లం అచ్చు మరీను. జూలై నుంచి అక్టోబర్ దాకా సోంపేటలో, కళింగపట్నంలో అచ్చును పళ్ళెంలో గంటసేపు వదిలేసినా పైపొర జిగటవుతుంది. పూర్తిగా చల్లారగానే, ఆలస్యం చేయకుండా, మూత బిగుసుకునే డబ్బాలో పొరల మధ్య బటర్ పేపర్ వేసి సర్దాలి. వేడిగా ఉండగా మూతపెడితే ఆవిరి లోపలే నీరై అదే పని చేస్తుంది.

కాచడం తక్కువై సాగిన అచ్చును పారేయక్కర్లేదు. పొయ్యి మీద దాన్ని మళ్ళీ కరిగించబోతే పప్పు అడుగంటి మాడుతుంది. మైక్రోవేవ్‌లో ఆ బాధ తక్కువ. ముక్కలు చేసి అదే గాజు గిన్నెలో వేసి, కరిగేదాకా ఇరవై సెకన్ల చొప్పున పెట్టి కలుపుతూ, మళ్ళీ నీళ్ళ పళ్ళెంలో చూసుకుని పరుచుకోవచ్చు. సోడా వేసిన అచ్చైతే బుడగలు పోయి గట్టిగా వస్తుంది, రుచికి లోటుండదు. పప్పు ఇప్పటికే ఎర్రగా వేగి ఉంటే ఈ పని ఒక్కసారికి మించి చేయకూడదు. మాడి చేదెక్కినదాన్ని మాత్రం బాగుచేసే దారి లేదు.